‘పడదు’ అన్న మాటకు కొలత: పిల్లలలో గోధుమ అలర్జీ, చర్మ పరీక్ష

1. ఉపోద్ఘాతం:

తెలుగు ఇళ్లలో తిండిని గురించి చెప్పే తీర్పులలో ‘పడదు’ అన్నంత పొట్టి మాట మరొకటి లేదు. దానంత విస్తృతార్థం కలిగినదీ లేదు. “వాడికి వంకాయ పడదు”, “పిల్లకు డబ్బాపాలు పడలేదు”, “కొత్త ఊరి నీళ్లు పడక జలుబు చేసింది” అన్న వాక్యాలలో క్రియ ఒక్కటే. అది చెప్పే బాధలు వేరు. అరగకపోవడం, వాంతి కావడం, ఒళ్లంతా దద్దుర్లు లేవడం, ఆయాసం రావడం, చివరకు ఆ పదార్థమంటే పిల్లవాడికి ఇష్టం లేకపోవడం కూడా ఈ క్రియలోనే ఇమిడిపోతాయి. వ్యవహారంలో ఈ వెసులుబాటు భాషకు బలమే. ఆస్పత్రి గదిలో మాత్రం ఇదే మాట చిక్కులు తెచ్చిపెడుతుంది. “గోధుమ పడటం లేదు” అని తల్లి చెప్పినప్పుడు వైద్యుడు తేల్చుకోవలసినవి కనీసం మూడు నాలుగు వేర్వేరు స్థితులు. వాటిలో ఒకదానికి మాత్రమే చర్మ పరీక్ష పనికివస్తుంది.

పిల్లలలో గోధుమ అలర్జీని నిర్ధారించడానికి చేసే చర్మ పరీక్ష ఎలా పుట్టింది, ఎలా చేస్తారు, దాని ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్న విషయాలను వివరించడం, ఆ ఫలితం తెలుగు కుటుంబంలోకి ఏ మాటలలో చేరుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు నేపథ్యంగా కడప జిల్లాలోని ఒంటిమిట్టను తీసుకోవడానికి కారణం ఉంది. గోధుమ పండని, మొన్నమొన్నటి వరకు గోధుమ తినని మెట్ట ప్రాంతమిది. అరుదుగా వచ్చే జబ్బుకు చేసే పరీక్షను తప్పుగా చదివే అవకాశం ఇటువంటి చోటనే ఎక్కువ.

2. కొర్ర నేలకు గోధుమ రాక:

రాయలసీమ మెట్ట పొలాల తిండి రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం. కొర్ర, ఆరిక వంటి పేర్లు దేశ్యాలు. ‘గోధుమ’ సంస్కృత ‘గోధూమ’ శబ్దం నుంచి వచ్చినది. పేరులోనే అతిథి లక్షణం కనిపిస్తుంది. అయితే ఈ అతిథి ఇంటికి వచ్చిన దారులు పలు రకాలు. 1954లో అమెరికా చేసిన పబ్లిక్ లా 480 కింద వచ్చిన గోధుమలు దక్షిణాది చౌకధరల దుకాణాలకూ చేరాయి. తరువాతి దశాబ్దాలలో బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, బన్ను, బిస్కెట్టు పల్లె అంగళ్లలో మామూలు సరుకులయ్యాయి. పండుగనాటి ఓలిగకు పైపూత మైదాదే. 2013 ఉగాదికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 185 రూపాయలకు తొమ్మిది సరుకులతో ‘అమ్మహస్తం’ సంచిని ఇచ్చినప్పుడు అందులో గోధుమలు, గోధుమపిండి రెండూ ఉన్నాయి.

పసిపిల్లల విషయంలో ఇంకొక దారి ముఖ్యమైనది. అంగన్‌వాడీల ద్వారా ఏడు నెలలు నిండిన పిల్లల నుంచి మూడేళ్లవారి దాకా ఇవ్వడానికి రూపొందించిన ‘బాలామృతం’ పొడిలో వేయించిన గోధుమ ప్రధాన పదార్థం. దానితో శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలుస్తాయి. అంటే అవ్వ తరం పెళ్లిళ్లలోనో పండుగలలోనో రుచి చూసిన ధాన్యం, మనవరాలి నోటికి తొలి ఏడాదిలోనే చేరుతున్నది. పోషకాహార దృష్టితో ఇది మేలే. కాని అలర్జీ శాస్త్రం దృష్టితో చూస్తే ఆ పొడిలో గోధుమ, పాలు, శనగ కలిసే ఉన్నాయి. చెంచాడు తిన్న పిల్లకు దద్దుర్లు లేస్తే కారణం ఏదో తల్లికి తెలియదు. ఇంట్లో వినిపించే తీర్పు మాత్రం ఒక్కటే: “అంగన్‌వాడీ పిండి పడలేదు.”

దక్షిణాదిలో గోధుమ వాడకం ఎంత తక్కువో చెప్పే గణాంకం ఒకటి 2016లో వెలువడింది. సీలియాక్ వ్యాధిపై ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారత ప్రాంతాలలో 23,331 మంది పెద్దలను పరిశీలించిన అధ్యయనమది. అందులో దక్షిణాదికి ప్రాతినిధ్యం వహించిన ప్రాంతం వెల్లూరు. కడప, చిత్తూరు జిల్లాల రోగులు తరతరాలుగా వైద్యానికి వెళ్లే ఊరు. సగటున రోజుకు తినే గోధుమ ఉత్తరాదిలో 455 గ్రాములు కాగా, దక్షిణాదిలో 25 గ్రాములు మాత్రమే. సీలియాక్ వ్యాధి ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించింది.

3. ఒక ధాన్యం, వేర్వేరు జబ్బులు:

పై అంకెలు సీలియాక్ వ్యాధివి, అలర్జీవి కావు. ఈ రెండింటినీ కలిపేయడం పత్రికల ఆరోగ్య శీర్షికలలో తరచు జరిగే పొరపాటు కనుక భేదాన్ని ఇక్కడే చెప్పుకోవాలి.

గోధుమ అలర్జీలో శరీరం గోధుమ మాంసకృత్తులకు వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తుంది. అది చర్మంలోను, శ్వాసమార్గంలోను, పేగులలోను ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని ఉంటుంది. మళ్లీ గోధుమ తగలగానే ఆ కణాలు పగిలి హిస్టమిన్ మొదలైన రసాయనాలను వెదజల్లుతాయి. తిన్న కొద్ది నిమిషాలలో, సాధారణంగా రెండు గంటలలోపే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఆయాసం కనిపిస్తాయి. తీవ్రమైతే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. దానినే అనఫిలాక్సిస్ అంటారు.

సీలియాక్ వ్యాధిలో జరిగేది వేరు. గ్లూటెన్ వల్ల చిన్నపేగు లోపొర నెమ్మదిగా దెబ్బతింటుంది. పిల్ల బరువు పెరగదు, రక్తహీనత వస్తుంది, పొట్ట ఉబ్బుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డికె దీనికి గోధుమతో సంబంధం ఉందని నిరూపించి 1950లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. దీనిని రక్తంలో ప్రతిరక్షకాలను చూసి, అవసరమైతే పేగు ముక్కను పరీక్షించి తేలుస్తారు. చర్మ పరీక్ష సీలియాక్‌కు పనికిరాదు. చర్మ పరీక్షలో ఏమీ కనిపించలేదు కాబట్టి పిల్లకు గోధుమతో ఏ ఇబ్బందీ లేదనుకోవడం ఈ కారణం వల్లనే పొరపాటు.

ఇవి కాక చపాతీ తింటే కడుపు బరువెక్కడం వంటి అరుగుదల బాధలు ఉన్నాయి. వాటికి ఐజీఈతో సంబంధం లేదు. వ్యాయామంతో ముడిపడిన మరొక రకం ఉంది. గోధుమ తిని ఊరకే కూర్చుంటే ఏమీ కాదు. తిన్న తరువాత పరుగెత్తినా, ఆటలాడినా ప్రమాదకరమైన అలర్జీ తలెత్తుతుంది. ఎదిగిన పిల్లలలో, పెద్దలలో కనిపించే ఈ రకాన్ని కుటుంబాలు చాలాకాలం గుర్తించలేవు. నిన్న పడిన చపాతీ నేడు పడకపోవడానికి కారణం పలకలో ఉండదు, మైదానంలో ఉంటుంది.

ప్రాచీన వైద్యం ఈ లక్షణాలను గమనించలేదనుకోరాదు. మాధవనిదానంలో శీతపిత్తం, ఉదర్దం, కోఠం అన్న పేర్లతో దద్దుర్లు లేచే వ్యాధుల వర్ణన ఉంది. ఆయుర్వేదంలోని సాత్మ్య, అసాత్మ్య భావనలు తెలుగు ‘పడు, పడదు’లకు దగ్గరి బంధువులు. అయితే వాటిని ‘అలర్జీ’కి సమానార్థకాలుగా వాడటం సరికాదు. అసాత్మ్యం ‘పడదు’ వలెనే విస్తృతం. అలర్జీ ఒక నిర్దిష్ట ప్రక్రియ పేరు.

4. చర్మం సాక్ష్యం చెప్పిన కథ:

‘అలర్జీ’ అన్న మాట వయస్సు నూట ఇరవై ఏళ్లే. వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో గ్రీకు పదాల నుంచి దానిని కల్పించాడు. కడపలో కొలువు చేసి తెలుగు చదువుకున్న సి.పి. బ్రౌన్ నిఘంటువులు 1850ల నాటివి కనుక వాటిలో ఈ మాట ఉండే వీలే లేదు. పదం కంటే పరీక్షే ముందు పుట్టడం విశేషం. మాంచెస్టర్ ప్రాంత వైద్యుడు చార్లెస్ బ్లాక్‌లీ ఏటా గడ్డి పూసే కాలంలో తుమ్ములతో బాధపడేవాడు. 1865లో తన చర్మాన్నే గీరుకొని గడ్డి పుప్పొడి అద్దుకొని చూశాడు. అక్కడ దద్దు లేచింది. గోధుమ కూడా గడ్డి జాతి మొక్కే. ఈ సంగతి పరీక్ష ఫలితాన్ని చదివేటప్పుడు మళ్లీ అవసరపడుతుంది.

1921లో ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు చేసిన ప్రయోగం మరింత ఆసక్తికరం. క్యూస్ట్నర్‌కు చేప పడదు. అతని రక్తంలోని సీరంను ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకొని, మరునాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకోగా అక్కడ దద్దు లేచింది. అలర్జీని మోసే పదార్థమేదో రక్తంలో ఉన్నదని తేలింది. అది ఐజీఈ అని తెలియడానికి 1960ల దాకా ఆగవలసి వచ్చింది. ఇషిజాకా దంపతులు అమెరికాలోను, యోహాన్సన్, బెన్నిక్ స్వీడన్‌లోను విడివిడిగా దానిని గుర్తించారు. 1968లో దానికి ఆ పేరు స్థిరపడింది.

నేడు వాడుకలో ఉన్న పద్ధతి పొడుపు పరీక్ష. సూదిమందు ఇవ్వడంతో దీనికి పోలిక లేదు. పిల్ల ముంజేతి లోపలి వైపున, చంటిపిల్ల అయితే వీపున, గుర్తులు పెట్టి రెండేసి సెంటీమీటర్ల ఎడంగా చుక్కలు వేస్తారు. ఒకటి గోధుమ సారం. మరొకటి హిస్టమిన్ ద్రావణం. అది ఎవరి చర్మం మీదనైనా దద్దు లేపాలి. ఇంకొకటి ఏ మందూ లేని ద్రావణం. అది దద్దు లేపకూడదు. ఒక్కొక్క చుక్క గుండా, మిల్లీమీటరు మేర మాత్రమే దిగే వేర్వేరు మొనలతో చర్మం పైపొరను తాకిస్తారు. రక్తం కారదు. పదిహేను, ఇరవై నిమిషాల తరువాత లేచిన దద్దుల వెడల్పు కొలుస్తారు. మందులేని చుక్క దగ్గరికంటే గోధుమ చుక్క దగ్గర దద్దు కనీసం మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంటే పరీక్ష ‘పాజిటివ్’.

హిస్టమిన్ చుక్క ఎందుకన్న ప్రశ్నకు సమాధానం పల్లె అలవాట్లలోనే దొరుకుతుంది. పరీక్షకు ముందు కొన్ని రోజులు, సాధారణంగా వారం వరకు, అలర్జీ మాత్రలు ఆపాలి. జలుబుకని అంగట్లో కొని తాగించే చాలా సిరప్‌లలో అదే జాతి మందు ఉంటుంది. తల్లి దానిని ‘జలుబు మందు’ అంటుంది కాని ‘అలర్జీ మందు’ అనదు. అందువల్ల అడిగినప్పుడు ఏ మందూ వాడలేదనే చెబుతుంది. ఆమె అబద్ధమాడలేదు, ప్రశ్న ఆమె భాషలో లేదు. ఆ స్థితిలో హిస్టమిన్ చుక్క దగ్గర కూడా దద్దు లేవదు. పరీక్ష చెల్లదని వైద్యుడికి తెలిసేది అప్పుడే.

మరొక ఇబ్బంది పాఠ్యపుస్తకాలది. దద్దు చుట్టూ ‘ఎర్రని వలయం’ ఏర్పడుతుందని అవి చెబుతాయి. తెల్లని చర్మం మీద కనిపించే ఆ ఎరుపు చామనచాయ చర్మం మీద అంత స్పష్టంగా తెలియదు. వేలితో తడిమి దద్దు అంచును గుర్తించి, కలంతో గీసి కొలవడమే నమ్మదగిన మార్గం. చర్మం గీరితేనే దద్దులు తేలే పిల్లలూ ఉంటారు. వారి విషయంలో మందులేని చుక్కే అసలు సంగతి చెబుతుంది.

5. దద్దు చెప్పేది, చెప్పనిది:

పరీక్షను గురించిన అపార్థమంతా ఇక్కడే ఉంది. దద్దు లేవడం అంటే శరీరం గోధుమను ఐజీఈ ద్వారా గుర్తుపట్టిందని మాత్రమే అర్థం. గుర్తుపట్టిన ప్రతి శరీరమూ తిరగబడదు. ఈ భేదం ఎంత పెద్దదో కర్ణాటకలో జరిగిన యూరోప్రివాల్ అధ్యయనం చూపింది. 2016లో ప్రచురితమైన దాని ఫలితాల ప్రకారం అక్కడి పెద్దలలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి వ్యతిరేకంగా ఐజీఈ ఉంది. లక్షణాలతో సహా చూసినప్పుడు ఆహార అలర్జీ ఉన్నట్లు భావించదగినవారు 1.2 శాతమే. తరువాత వెలువడిన పిల్లల ఫలితాలలో మైసూరు బడిపిల్లలకు ఈ నిష్పత్తి 0.14 శాతం. రాయలసీమకు ఇరుగుపొరుగైన, తిండిలోనూ దగ్గరైన ప్రాంతపు లెక్కలు కనుక ఇవి ఇక్కడికీ ఆలోచింపదగినవి.

గోధుమ విషయంలో ఈ దూరం మరింత ఎక్కువ. గడ్డి పుప్పొడి పడని పిల్లకు గోధుమ చుక్క దగ్గర దద్దు లేవవచ్చు. రెండు మొక్కల మాంసకృత్తులకు పోలికలుండటం కారణం. ఆ పిల్ల రోజూ చపాతీ తింటూ హాయిగా ఉండవచ్చు. దీనికి ఎదురుగా, నిజంగా ప్రమాదమున్న పిల్లకు దద్దు లేవకపోవచ్చు. గోధుమలోని గ్లయాడిన్లు నీటిలో కరగవు. నీటితో తీసిన సారంలో అవి సరిగా చేరవు. వ్యాయామంతో వచ్చే అలర్జీకి ముఖ్య కారణమైన ఒమేగా-5 గ్లయాడిన్ ఈ కోవలోనిదే. దానిని రక్తపరీక్షలో విడిగా వెదకాలి.

కనుక పరీక్ష కంటే ముందు కథ వినాలి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎంతసేపటికి ఏమయింది, తరువాత మళ్లీ తిన్నదా అన్నవి తెలియకుండా చేసిన చర్మ పరీక్ష ప్రశ్న లేని జవాబు వంటిది. కథకూ దద్దుకూ పొంతన కుదరకపోతే చివరి ప్రమాణం తినిపించి చూడటమే. అత్యవసర వైద్యం సిద్ధంగా ఉన్న ఆస్పత్రిలో, చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి విరామాలతో పెంచుతూ పిల్లను గమనిస్తారు. దీనిని ఇంట్లో ప్రయత్నించరాదు.

ఒంటిమిట్ట వంటి చోట ఈ నియమం పుస్తకానికే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. అలర్జీ నిపుణులు ఎక్కువగా పెద్ద నగరాలలోనే ఉంటారు. కూలి మానుకొని, బస్సు ఖర్చు పెట్టుకొని, పిల్లను ఎత్తుకొని వెళ్లిన తల్లికి ఒక్క రాకలో తేలిపోయే పరీక్ష కావాలి. ఒకేసారి పదుల సంఖ్యలో ఆహారాలకు పరీక్ష చేయించి, పాజిటివ్ వచ్చినవన్నీ మానమని రాసిచ్చే చీటీకి ఆకర్షణ అక్కడినుంచే వస్తుంది. చర్మం ఎండి, పగిలి, దురదపెట్టే అటోపిక్ డెర్మటైటిస్ ఉన్న పిల్లలకు ఈ చీటీ మరీ హాని. తెలుగులో దీనిని గజ్జి అనో తామర అనో అంటారు. రెండూ వేరే జబ్బుల పేర్లు. ఈ పిల్లలకు తినగలిగిన ఆహారాలకు కూడా దద్దులు లేస్తాయి. పాలు, గుడ్డు, వేరుశనగ, గోధుమ అన్నీ ఆపేస్తే పిల్ల బక్కచిక్కుతుంది. అంతేకాదు, అప్పటిదాకా అలవాటుగా తింటున్నదానిని నెలల తరబడి మాన్పించి మళ్లీ పెట్టినప్పుడు, లేని అలర్జీ నిజంగానే తలెత్తిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

6. ‘పాజిటివ్’ తెలుగులో:

‘పాజిటివ్’ అన్న మాట తెలుగువారికి కొత్త కాదు. కరోనా తరువాత దాని అర్థం పూర్తిగా స్థిరపడింది: జబ్బు ఉన్నది. చర్మ పరీక్ష విషయంలో ఆ అర్థం తప్పు. వైద్యుడు “పాజిటివ్” అంటాడు, తల్లి “పడదు” అని వింటుంది, అవ్వ “జన్మలో పెట్టకూడదు” అని ఊరికి చెబుతుంది. మూడు అంచెలలో ఒక సంభావ్యత శాసనమవుతుంది.

‘సెన్సిటైజేషన్’కు ‘సున్నితీకరణ’, ‘సంవేదనశీలత’ వంటి అనువాదాలు వ్యాసాలలో కనిపిస్తాయి. పరిశోధకులకు అవి చాలవచ్చు. ఆస్పత్రి వరండాలో నిలబడవు. దానికి ‘గుర్తుపట్టడం’ అన్న వాడుక మాటే మెరుగు. “పాప ఒళ్లు గోధుమను గుర్తుపట్టిందమ్మా. పడుతుందో లేదో ఇంకా తేలలేదు” అన్న వాక్యంలో శాస్త్రం చెడలేదు. తల్లికి అర్థం కాని మాటా లేదు. ‘పడదు’ అన్న పాత మాటను తోసివేయకుండా, దానిని తినిపించి తేల్చిన నిజమైన అలర్జీకి అట్టిపెట్టుకోవడం ఇందులోని లాభం.

7. తేలిన తరువాత:

నిజంగా గోధుమ అలర్జీ అని తేలిన పిల్ల విషయంలో రాయలసీమ వంటిల్లు ఉత్తరాది వంటింటి కంటే ఎంతో అనుకూలం. సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, ఇడ్లీ, దోసె, ఉగ్గాని దేనిలోనూ గోధుమ అవసరం లేదు. చిక్కు కనబడని గోధుమతోనే. అంగట్లో దొరికే ఇంగువలో చాలావరకు పిండి కలుస్తుంది. అది తరచు మైదాయే. సత్యనారాయణ వ్రతానికి రవ్వప్రసాదం, అన్నవరం ప్రసాదానికి గోధుమ నూక ఆధారం. శ్రీరామనవమికి పంచే పానకం, వడపప్పులతో ఈ భయం లేదు. ప్రసాదాన్ని వద్దనడం మన సమాజంలో తేలిక కాదు. కళ్లకద్దుకొని పక్కవారికి ఇచ్చేయవచ్చునని కుటుంబానికి ముందే చెప్పి ఉంచడం వైద్య సలహాలో భాగం కావాలి.

తీవ్రమైన ప్రతిచర్య వస్తే వాడవలసిన మందు అడ్రినలిన్. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. మాత్రలు, సిరప్‌లు దానికి ప్రత్యామ్నాయం కావు. విదేశాలలో తల్లిదండ్రులే వాడే అడ్రినలిన్ కలాలు ఇక్కడ సులువుగా దొరకవు కనుక, దగ్గరలో ఆ మందు ఎక్కడ సిద్ధంగా ఉంటుందో కుటుంబం ముందుగానే తెలుసుకోవాలి.

ఈ నిషేధం శాశ్వతం కానవసరం లేదు. అమెరికాలో 2009లో ప్రచురితమైన ఒక పరిశీలనలో గోధుమ అలర్జీ ఉన్న పిల్లలలో నాలుగేళ్లకు 29 శాతం మంది, ఎనిమిదేళ్లకు 56 శాతం మంది, పన్నెండేళ్లకు 65 శాతం మంది దాని నుంచి బయటపడ్డారు. అందుకే కొంతకాలానికొకసారి పరీక్షను మళ్లీ చేస్తారు. దద్దు వెడల్పు ఏటేటా తగ్గుతూ వస్తే తినిపించి చూడవచ్చునన్న ఆశ కలుగుతుంది. మొదటి చీటీని దేవుడి పటం వెనుక దాచుకొని, రెండవసారి వెళ్లని కుటుంబానికి ఆ అవకాశం అందదు.

అంతదాకా పిల్లను కాపాడేది పొట్లం మీది అక్షరాలు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు ఉంటే ఆ సంగతిని పొట్లం మీద ప్రకటించాలి. ఆ ప్రకటన ఇంగ్లీషులో గాని దేవనాగరి లిపి హిందీలో గాని ఉంటే చాలు. ప్రాంతీయ భాష అదనం మాత్రమే. ఒంటిమిట్ట అంగట్లో అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం కొని, తెలుగు తప్ప మరొకటి చదవలేని తల్లి, హెచ్చరికను చేతిలో పట్టుకొనే దానిని విప్పుతుంది.